గీతను బట్టి గుట్టు

మూత బిగించిన డబ్బా. అందులోంచి రెండు వైర్లు బయటికొచ్చాయి. డబ్బా తెరవకుండా లోపలేముందో చెప్పాలి. ఫిజిక్సు విద్యార్థులకు ఇదో మంచి పొడుపుకథ. బ్యాటరీ వోల్టేజిని కొంచెం కొంచెంగా పెంచుతూ, ఎంత కరెంటు పారుతోందో రాసుకుని గ్రాఫు గీయాలి. అడ్డంగా వోల్టేజి, నిలువుగా కరెంటు. తర్వాత వైర్లు తారుమారు చేసి మళ్లీ కొలవాలి. ఈ రెండో పని బద్ధకించారో, సగం గుట్టు డబ్బాలోనే ఉండిపోతుంది.

గీత మూలబిందువు గుండా తిన్నగా సాగితే లోపలున్నది మామూలు నిరోధకం. వోల్టేజి రెట్టింపైతే కరెంటూ రెట్టింపు. 1827లో జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ చెప్పిన సూత్రమే.

తిన్నగా బయల్దేరి పోనుపోను అడ్డంగా వాలిపోతే? అది పాతకాలపు ఫిలమెంటు బల్బు. టంగ్‌స్టన్ తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. 230 వోల్టుల, 60 వాట్ల బల్బునే తీసుకోండి. వెలుగుతుండగా దాని నిరోధం సుమారు 880 ఓములు. చల్లారాక అందులో పదోవంతు కూడా ఉండదు! అందుకే స్విచ్చి వేసిన క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్ల కరెంటు దూసుకొస్తుంది. అప్పటికే అరిగి సన్నబడిన తీగ ఆ తాకిడికి తట్టుకోలేదు. ఆ బల్బులు తరచూ స్విచ్చి వేయగానే ‘టప్’మనేది ఇందువల్లే. డిజిటల్ థర్మామీటర్లో ఉండే థర్మిస్టరుది దీనికి పూర్తిగా ఎదురు దారి. వేడెక్కితే నిరోధం తగ్గి, గీత పైకి వంగుతుంది.

ఇక డయోడు. ఒకవైపు నుంచి కరెంటును దాదాపు రానివ్వదు. రెండోవైపు సిలికాన్ డయోడైతే 0.6, 0.7 వోల్టుల దాకా మొండికేసి, ఆపైన గీత నిటారుగా లేస్తుంది. ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 1.8 వోల్టుల దగ్గర, తెల్లది 3 వోల్టుల దగ్గర మేలుకుంటాయి. 1.5 వోల్టుల సెల్లు ఒక్కటే నేరుగా కలిపితే తెల్ల ఎల్‌ఈడీ వెలగకపోవడానికి కారణమిదే. అలాగని మీవాడు దాన్ని 9 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించబోతే ఆపండి, మాడిపోతుంది. మధ్యలో ఒక నిరోధకం పెట్టమనండి. ప్లగ్గులోని కరెంటుతో మాత్రం ఇలాంటి ప్రయోగాలు అసలు వద్దు.

పరీక్ష రాసే పిల్లలకు ఒక్క మాట. జవాబు రాసేముందు అక్షాల మీద పేర్లు చదవండి. కరెంటును అడ్డంగా, వోల్టేజిని నిలువుగా ఇస్తే బల్బు గీతే పైకి వంగి, అచ్చం థర్మిస్టరులా కనిపిస్తుంది!