సిగ్నల్ లేకపోయినా కంప్యూటర్లు కలుస్తయి: మన హాస్టల్ ల్యాబ్‌ల గురించి మా మాట

పోస్టు కొంచెం పెద్దది. స్కాలర్‌షిప్ దరఖాస్తుల హడావుడి మొదలుకాకముందే చదివితే పనికొస్తదని ఇప్పుడే పెడుతున్నం.

మేం చెప్పేది ఒక్కటే. ఇంటర్నెట్ రాని ఊళ్లో కూడా కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపొచ్చు. ఒకే ప్రింటర్ అందరికీ పని చేస్తది, ఒకచోట పెట్టిన పుస్తకం అన్ని కంప్యూటర్లలో తెరుచుకుంటది. దీనికి టవర్ అక్కర్లేదు, ఫైబర్ అక్కర్లేదు. కాబట్టి "సిగ్నల్ లేదు, అందుకే ల్యాబ్ తెరుస్తలేం" అనే జవాబును మనం ఇక ఒప్పుకోవద్దు.

నెట్‌వర్క్ అంటే ఇంటర్నెట్ అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నరు. రెండూ ఒకటి కాదు. ఒక గదిలో ఉన్న ఏడెనిమిది కంప్యూటర్ల నుంచి కేబుళ్లు తెచ్చి ఒక చిన్న స్విచ్ డబ్బాకు గుచ్చితే చాలు, అది నెట్‌వర్కే. లాన్ అంటరు. వానాకాలంలో వాగు పొంగి మండలం రోడ్డు తెగిపోయినా ఊళ్లో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవడం ఆగదు కదా. లాన్ అనేది ఊళ్లో దారి, ఇంటర్నెట్ అనేది మండలం రోడ్డు. రోడ్డు లేదని ఇంట్లోనే కూర్చోమంటే ఎట్ల?

మేం చూసిన ల్యాబ్‌లు ఇంచుమించు ఒకే తీరుగ ఉన్నయి. కంప్యూటర్లు వచ్చిన రోజు బ్యానర్ కట్టి ఫోటోలు దిగుతరు. తర్వాత దేని మూలకు అది. ప్రింటర్ మాత్రం ఆఫీసు గదిలో, ఒక్క కంప్యూటర్‌కు యూఎస్‌బీ వైరుతో కట్టేసి ఉంటది. ఆ గదికి తాళం. సార్ మీటింగ్‌కు పోతే ప్రింటు లేదు. సార్ ఉన్నా, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని గది ముందు లైన్ కట్టాలి. ఆ పెన్‌డ్రైవ్ పది కంప్యూటర్లు తిరిగి వచ్చేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోతయి. ఆఫీసు కంప్యూటర్‌కు కూడా అదే వైరస్ అంటుకుంటది. అప్పుడు "పిల్లలు పాడు చేసిన్రు" అని ఇంకో తాళం.

ప్రింటు దొరకకపోతే ఏమైతదో బయటివాళ్లకు అర్థం కాదు. పట్నంలో పది అడుగులకొక జిరాక్స్ షాపు. మనకు మండలానికి ఆటో ఎక్కాలి. అక్కడ కరెంటు ఉండాలి, షాపు తెరిచి ఉండాలి. ప్రింటుకు పది రూపాయలే, దాని వెనక రాకపోకల కిరాయి, అమ్మో నాయనో తోడొస్తే ఒక రోజు కూలి. స్కాలర్‌షిప్‌కు ఆన్‌లైన్‌లో నింపితే సరిపోదు, ప్రింటు తీసి సర్టిఫికెట్లు జతచేసి కాలేజీలో ఇవ్వాలి. చివరి తేదీ ఎవరి కోసం ఆగదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్ పెట్టాలన్నా ఇదే కథ. వ్యక్తిగత హక్కులకు ఫారం-ఏ, ఉమ్మడి హక్కులకు ఫారం-బి, సామూహిక అటవీ వనరులకు ఫారం-సి. ఊళ్లో పెద్దలకు ఈ ఫారాలు తెచ్చిపెట్టేది, నింపి ఇచ్చేది చాలాచోట్ల సెలవులకు ఇంటికి పోయిన మనమే.

"ఇప్పుడందరికీ ఫోన్లున్నయి, వాట్సాప్‌లో పంపుకుంటే అయిపోతది కదా" అని ఒక అన్న అడిగిండు. లెక్క చూద్దాం. ఒక పాఠం వీడియో 300 ఎంబీ అనుకుందాం. 30 మంది విడివిడిగా దింపుకుంటే 9 జీబీ. అది కూడా సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి. అదే వీడియో ఒక్కరు టౌన్‌లో దింపుకొచ్చి ల్యాబ్‌లో షేర్డ్ ఫోల్డర్‌లో పెడితే ఖర్చయ్యేది 300 ఎంబీయే. మామూలు 100 ఎంబీపీఎస్ స్విచ్ మీద అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు అర నిమిషంలో పోతది. ఎవరి రీచార్జి కరగదు. పాత ప్రశ్నాపత్రాలు, గ్రూప్స్ మెటీరియల్, డిక్షనరీ, ఆఫ్‌లైన్ వికీపీడియా, అన్నీ ఒకసారి పెడితే ఏళ్ల తరబడి ఉంటయి. మన భాషల సంగతీ అంతే. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది, ఫాంటు ఉచితంగనే వస్తది. కానీ ఆ ఫాంటు ఎక్కించిన కంప్యూటర్ మన ల్యాబ్‌లలో ఎన్ని ఉన్నయి? ఫోల్డర్‌లో ఒక్కసారి పెట్టి ఉంచితే వచ్చిన ప్రతి తమ్ముడూ ఎక్కించుకుంటడు.

పని ఎంత ఉంటది అంటే, ఒక ఆదివారం. ఎనిమిది పోర్టుల మామూలు స్విచ్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతది. కేబుల్, కొనలకు క్లిప్పులు, ఆ క్లిప్పులు నొక్కే పనిముట్టు. ఒక్క కేబుల్ 100 మీటర్ల దాకా పని చేస్తది కాబట్టి ల్యాబ్ నుంచి ఆఫీసు గదికి లాగడం కష్టం కాదు. రౌటర్ లేకపోతే కంప్యూటర్లు వాటంతట అవే 169.254తో మొదలయ్యే అడ్రసులు పెట్టుకుంటయి. అట్లా కూడా నడుస్తది గానీ, ఒక్కోసారి ఒకటి ఇంకోదానికి కనబడదు. మేమైతే చేత్తోనే అడ్రసులు ఇవ్వమంటం: 192.168.1.11, 12, 13 అట్లా, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. ఆ నంబరు కాగితం మీద రాసి కంప్యూటర్‌కు అతికించాలి. తర్వాత విండోస్‌లో నెట్‌వర్క్‌ను 'ప్రైవేట్' అని పెట్టి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయాలి. పాత పుస్తకాల్లో హోమ్‌గ్రూప్ పెట్టమని ఉంటది, దాన్ని వెతకొద్దు. 2018లోనే విండోస్ 10 నుంచి తీసేసిన్రు.

ప్రింటర్ దగ్గర ఒక విషయం తెలియక చాలామంది విసిగిపోతరు. యూఎస్‌బీ ప్రింటర్‌ను షేర్ చేస్తే, అది తగిలించి ఉన్న కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, నిద్రపోకూడదు. అది నిద్రపోతే మనం కొట్టిన ప్రింట్లు క్యూలో నిలబడతయి. మాకు తెలిసిన ఒక హాస్టల్‌లో ఇట్లనే అయింది. పిల్లలు ప్రింటు రాలేదని ఒకరి తర్వాత ఒకరు కొడుతనే ఉన్నరు, సాయంత్రం సార్ వచ్చి ఆ కంప్యూటర్ లేపంగనే ఒకే బోనఫైడ్ నలభై కాపీలు వచ్చింది. మర్నాడు నుంచి షేరింగ్ బంద్. స్లీప్ ఆపేస్తే పోయేదానికి! కొత్తది కొనే అవకాశం ఉంటే మాత్రం లాన్ పోర్టు ఉన్న ప్రింటరే అడగాలి. దానికి సొంత అడ్రసు ఉంటది, ఎవరి కంప్యూటర్ మీదా ఆధారపడదు.

తెలుగు ఫైళ్లది ఇంకో తలనొప్పి. అను ఫాంట్లలో టైపు చేసిన తీర్మానం, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనబడతయి. షేరింగ్ తప్పు కాదది. యూనికోడ్‌లో టైపు చేయాలి, లేదంటే టైపు చేసిన చోటే పీడీఎఫ్ చేసి ఫోల్డర్‌లో వేయాలి.

ఇప్పుడు అసలు గొడవకు వస్తున్నం. షేరింగ్ కావాలని గట్టిగా అడుగుతున్న మేమే, అన్నీ షేర్ చేయొద్దని కూడా అంతే గట్టిగా అంటున్నం. ఒకచోట ఆఫీసు కంప్యూటర్ 'డి' డ్రైవ్ మొత్తం 'ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్' అని పెట్టి ఉండడం మేం చూసినం. ఎవరో మెకానిక్ పని తొందరగా కావాలని అట్లా పెట్టిపోయిండు. ల్యాబ్‌లో కూర్చున్న ఎవరికైనా అందరి ఆధార్‌లు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, కుల, ఆదాయ సర్టిఫికెట్లు, ఆడపిల్లల ఫోటోలు, ఇంటి ఫోన్ నంబర్లు, ఎవరికి ఏ జబ్బు ఉందో రాసిన హెల్త్ రిజిస్టర్ కూడా కనబడుతుండె. మన పిల్లల వివరాలు అంత చవకా? ఇంకొక ప్రమాదం చాలామందికి తెలియదు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉన్న ఫైలును వేరే కంప్యూటర్ నుంచి డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి పోదు. పోయిందంటే పోయినట్టే.

అందుకే మా పద్ధతి సాదాగా ఉంటది. ఖాళీ ఫారం అందరిది, నింపిన ఫారం ఆ ఒక్కరిది. పుస్తకాలు, ఖాళీ ఫారాలు, ఫాంట్లు ఉన్న ఫోల్డర్‌ను అందరూ చదవొచ్చు, మార్చడం మాత్రం ఒకరిద్దరికే. నింపిన దరఖాస్తులు, సర్టిఫికెట్లు షేర్డ్ ఫోల్డర్‌లోకి రానే రాకూడదు. ప్రింటు తీసుకున్న తర్వాత ల్యాబ్ కంప్యూటర్‌లో కాపీ ఉంచొద్దు. విండోస్‌లో షేర్ పర్మిషన్ ఒకటి, ఫోల్డర్ సెక్యూరిటీ పర్మిషన్ ఒకటి, రెండు తలుపులుంటయి. రెండింటిలో ఏది గట్టిగా ఉంటే అదే చెల్లుతది. యూట్యూబ్‌లో చాలామంది "పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చేయండి, సింపుల్" అంటరు. మేం ఒప్పుకోం. ప్రతి కంప్యూటర్‌లో 'విద్యార్థి' అని ఒక యూజర్, దానికి ఒక పాస్‌వర్డ్ పెడితే సరిపోయే పనికి తలుపు ఊడబీకడం ఎందుకు?

పాత ల్యాబ్‌ల్లో ఎస్‌ఎంబీ ఒకటో వెర్షన్ ఆన్ చేయమనే సలహా కూడా అట్లాంటిదే. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ ఎస్‌ఎంబీ లోపం నుంచే. ఒక్క కంప్యూటర్‌లో చొరబడి లాన్‌లో మిగతావాటికి తనంతట తనే అంటుకున్నది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నయి. 2021లో ప్రింటర్లు నడిపే స్పూలర్‌లో పెద్ద లోపాలు బయటపడినయి. ఆ ఏడాది అప్‌డేట్ల తర్వాత చాలాచోట్ల షేర్డ్ ప్రింటర్‌కు చివర 11బి అని ఉండే ఎర్రర్ వచ్చింది. అది రాగానే అప్‌డేట్ తీసేయమనేవాళ్ల మాట వినొద్దు, రెండు వైపులా కంప్యూటర్లకు అప్‌డేట్లు ఎక్కించి చూడండి.

కొత్త విండోస్ మోయలేని పాత కంప్యూటర్లను మూలకు పడేయనక్కర్లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, కాబట్టి ఇట్లాంటివి ఇక కుప్పలుగా మిగులుతయి. వాటిలో ఒకదానికి లైనక్స్ ఎక్కించి సాంబా పెడితే ఫైళ్ల గోదాములా పని చేస్తది, విండోస్ కంప్యూటర్లకు మామూలు షేర్డ్ ఫోల్డర్‌లానే కనబడుతది, పైసా లైసెన్సు లేదు. సాంబా మొదలుపెట్టింది ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, 1992 ప్రాంతంలో. అప్పటికి ఆయన కూడా పీహెచ్‌డీ విద్యార్థే.

కాగితం, టోనర్ ఖర్చు ఎవరు పెట్టాలి అంటరు. న్యాయమైన ప్రశ్నే. అన్ని ప్రింట్లూ ఉచితంగ ఇవ్వమని మేం అడుగుతలేం. స్కాలర్‌షిప్, సర్టిఫికెట్, పరీక్ష హాల్‌టికెట్ ప్రింట్లు హాస్టల్ ఖర్చులో ఉండాలి. మిగతావాటికి పేజీకి ఇంత అని విద్యార్థుల కమిటీ వసూలు చేసి గోడ మీద లెక్క రాయాలి. తాళంచెవి సార్ దగ్గర ఒకటి, కమిటీ దగ్గర ఒకటి. కమిటీలో ఆడపిల్లలు ఉండాలి. ల్యాబ్ టైమ్ ఎప్పుడూ మగపిల్లలకే దక్కుతున్నది, ఇది మనం దాచుకోవాల్సిన మాట కాదు. వార్డెన్ సార్లను తిట్టడానికి ఈ పోస్టు రాయలేదు. వంట, రేషన్, హాజరు, ఆన్‌లైన్ ఎంట్రీలు అన్నీ ఒక్క మనిషి నెత్తిన ఉన్నయి. ల్యాబ్‌ను విద్యార్థులు చూసుకుంటే ఆయనకూ ఒక బరువు తగ్గుతది.

ఐటీడీఏలను అడగాల్సింది కూడా చిన్నదే. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు, రంపచోడవరం, సీతంపేట, ఎక్కడైనా సరే. కంప్యూటర్లు ఇచ్చే ఆర్డర్‌లోనే స్విచ్, కేబుళ్లు, లాన్ పోర్టు ఉన్న ఒక లేజర్ ప్రింటర్, బ్యాకప్‌కు ఒక హార్డ్‌డిస్క్ రాయాలి. బిగించడానికి వచ్చినవాళ్లు ఇద్దరు విద్యార్థులకు నేర్పి సంతకం తీసుకున్నాకే బిల్లు పాస్ కావాలి. ఈ అర్జీ ముసాయిదా మేం రాస్తున్నం. మీ హాస్టల్‌లో కంప్యూటర్లు ఎన్ని, నడిచేవి ఎన్ని, ప్రింటర్ ఏ గదిలో ఉంది, తాళం ఎవరి దగ్గర ఉంది, ఈ నాలుగు కింద రాయండి. పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు రాయొద్దు. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తం.