మస్తానమ్మ చేతి కొలత

తెలుగు ఇంటి పెద్దావిడకు పేర్లెన్నో. రాయలసీమలో అవ్వ అనీ, జేజి అనీ పిలిస్తే, కోస్తాలో మామ్మ, నాయనమ్మ అంటారు. తల్లిని కన్నతల్లి చాలా చోట్ల అమ్మమ్మే. పిలుపు ఏదైనా, ఆమె పోయిన తరువాత తలచుకొనే తీరు మాత్రం ఒక్కటిగానే ఉంటుంది. ఆమెది పెట్టే చేయి అనీ, మనుమలంటే ప్రాణమనీ, గడప తొక్కినవారిని తినకుండా పంపేది కాదనీ బంధువులు చెప్పుకొంటారు. అవి అబద్ధాలు కావు గాని సగం మాటలు. ఆమె ప్రేమను కొనియాడేవారు ఆమె పనితనాన్ని గురించి మాట్లాడరు. ఆమెకు ఏమేమి తెలుసు, ఎవరి దగ్గర నేర్చింది, నేర్చినదానికి తనవంతుగా ఏమి చేర్చింది అని అడిగేవారు అరుదు. వంట ఆమెకు ప్రేమే గాని విద్య కాదన్న భావన మన ఇళ్లలో అంతగా పాతుకొనిపోయింది. గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని గుడివాడ గ్రామానికి చెందిన కర్రె మస్తానమ్మ జీవితాన్ని పరిశీలిస్తే ఆ భావన ఎంత పొరపాటో తెలుస్తుంది. (కృష్ణా జిల్లాలోని గుడివాడ పట్టణం వేరు, ఈ పల్లె వేరు.)

2016లో మస్తానమ్మ మునిమనుమడు, అతని మిత్రుడు కలిసి ఆమె వంటను చిత్రించి ‘కంట్రీ ఫుడ్స్’ అనే పేరుతో యూట్యూబ్‌లో ఉంచడం ప్రారంభించారు. తొలినాళ్లలో ఆమె వండినది వంకాయ కూర. రెండేళ్లు తిరిగేసరికి ఆ వీడియోలను అనుసరించేవారి సంఖ్య పన్నెండు లక్షలు దాటింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసినప్పుడు దేశవిదేశాల పత్రికలు ఆ వార్తను ప్రచురించాయి. ఆమె వయస్సు 107 సంవత్సరాలని రాశాయి. అది ఇంటివారు చెప్పిన లెక్క. కూలిజనం పుట్టుకలను రాసిపెట్టే అలవాటు లేని కాలంలో పుట్టిన మనిషి ఆమె.

ఆ రెండేళ్ల కీర్తికి ముందు నూరేళ్ల శ్రమ ఉన్నది. మస్తానమ్మకు పదకొండవ ఏట పెండ్లి అయింది. ఇరవై రెండవ ఏట భర్త మరణించాడు. పిల్లల పోషణకు ఆమె పొలం కూలికి వెళ్లారు. కన్నబిడ్డలలో కొందరిని తన కళ్లముందే పోగొట్టుకొన్నారు. వయస్సు మీదపడిన తరువాత కూడా తన వంట తానే వండుకొని తినేవారని పత్రికలు రాశాయి. ఈ వివరాలను చదివి జాలిపడటం సులభం. అయితే పొద్దంతా పొలంలో వంగి పనిచేసి, చీకటిపడే వేళకు ఇంటికి వచ్చి, ఉన్నదానితోనే పదిమందికి రుచిగా వండటం జాలిపడవలసిన విషయం కాదు. అది నేర్పు. మార్చుకొని, సర్దుకొని, లేనిదానికి బదులు మరొకటి వేసి వండవలసిన ఇంటిలో పుట్టే కల్పనాశక్తి అది.

ఆమె వంటలలో అన్నిటికంటె పేరు పొందినది పుచ్చకాయలో వండిన కోడికూర. ఆ వీడియోను కోటిసార్లకు పైగా చూశారు. కాయ పైభాగాన్ని మూతలాగా కోసి, లోపలి గుజ్జును తీసివేసి, మసాలా పట్టించిన మాంసాన్ని నింపి, మూత పెట్టి నిప్పుమీద ఉంచుతారు. చూసినవారికి ఇది వింతగా తోచింది గాని ఇందులో ఒక లెక్క ఉన్నది. పుచ్చకాయ తొక్క మందంగా, నీటితో నిండి ఉంటుంది కనుక వెంటనే అంటుకొని కాలిపోదు. కాయలోని తేమ ఆవిరిగా మారి మాంసాన్ని ఉడికిస్తుంది. అరకు ప్రాంతపు గిరిజనుల బొంగు కోడి వంటకంలోనూ పనిచేసేది ఈ సూత్రమే. పచ్చి వెదురు బొంగు అక్కడ చేసే పనిని పుచ్చకాయ ఇక్కడ చేసింది.

నిజానికి మస్తానమ్మ ప్రతిభను చూడవలసినది ఈ వింత వంటకంలో కంటె ఆమె నిత్యం వండిన కూరలలో. అల్లాన్ని ఆమె గోటితోనే గీకి పొట్టు తీసేవారు. కట్టెల పొయ్యికి మంట తగ్గించే మీట ఉండదు. కట్టెను లోపలికి తోయడం, బయటికి లాగడం, నిప్పులను పక్కకు నెట్టడం, ఇవే దాని కొలతలు. కూర ఏ దశలో ఉన్నదో ఉడుకు చప్పుడును బట్టి, వాసనను బట్టి తెలుసుకోవాలి. చేపల పులుసులో గరిటె పెడితే ముక్క విరుగుతుంది కనుక గిన్నెను పట్టుకొని తిప్పుతారు. ఎప్పుడు తిప్పాలో గడియారం చెప్పదు.

మన వంటల పుస్తకాలు చాలావరకు ‘ఉప్పు తగినంత’ అని రాసి ఊరుకొంటాయి. వంటకు సంబంధించిన విద్యలో సగం ఆ ‘తగినంత’ అనే మాట వెనుక దాగి ఉన్నది. కొత్త చింతపండుకూ, నిల్వ ఉండి నల్లబడిన పాత చింతపండుకూ పులుపు ఒకటి కాదు. మిరపలో రకాన్ని బట్టి కారం మారుతుంది. ఉప్పుటేటి రొయ్యకూ, మంచినీటి చెరువు చేపకూ ఒకే పాళ్లలో ఉప్పు వేస్తే రెండింటిలో ఒకటి పాడవుతుంది. ఈ తేడాలన్నింటినీ వేళ్లతో తడిమి, నాలుకతో చూసి, క్షణంలో తేల్చుకోగల చేయికి డెబ్బై, ఎనభై ఏళ్ల అభ్యాసం ఉంటుంది. సంగీత విద్వాంసుని శ్రుతిజ్ఞానాన్ని సాధన అంటారు. మామ్మ ఉప్పు వేయడాన్ని మాత్రం అలవాటు అంటారు. ఈ పక్షపాతానికి న్యాయమైన కారణమేదీ కనిపించదు. ఇంటికి దూరంగా వసతిగృహంలోనో, అద్దె గదిలోనో ఉండి చదువుకొనే విద్యార్థి ఒకరోజు పులుసు పెట్టబోయి నాయనమ్మకు ఫోను చేస్తాడు. ‘చింతపండు ఎంత వేయాలి?’ అంటే ఆమె ‘చూసి వేసుకో నాయనా!’ అంటుంది. ఆమె దాచుకొని చెప్పకపోవడం కాదు. ఆమెకు తెలిసినది మాటలలో లేదు, చేతిలో ఉన్నది. చేతిని చూడనివానికి అది అందదు.

మస్తానమ్మ విషయంలో ఆ చేతిని చూసినది కెమెరా. ఇక్కడ ఒక అభ్యంతరం ఉన్నది. నూరేళ్లు దాటిన వృద్ధురాలిని విశ్రాంతిగా ఉండనీయక, పొయ్యి ముందు కూర్చోబెట్టి లోకానికి చూపడం తగునా అని అడగవచ్చు. అది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఇంటి పెద్దలను నవ్వులపాలు చేసి ప్రేక్షకులను సంపాదించుకొనే వీడియోలు నేడు కొదువ లేవు. అయితే ఈ వీడియోలలో ఆమె పరిహాసపాత్ర కాలేదు. ఆమె చేస్తున్న పనే అక్కడ ప్రధానం. పైగా ఆమెకు వండటం కొత్తగా అంటగట్టిన పని కాదు. కెమెరా లేని రోజుల్లోనూ ఆమె వండుతూనే ఉన్నారు. మునిమనుమడు ఆమె చేత కొత్త పని చేయించలేదు. ఇంట్లో అందరూ తిని మరచిపోయినదానిని అతడు నిలిచి చూశాడు. ముత్తవ్వపై ప్రేమ చూపే మార్గాలలో ఇది చిన్నది కాదు.

లోకం ఆమెకు ఇచ్చిన గౌరవంలోనూ ఒక లోపం ఉన్నది. చాలా వార్తల శీర్షికలలో ముందుగా కనబడినది ఆమె వయస్సే. వంటచేసే వ్యక్తి నిపుణతను వదిలి మరొకదానిని పొగడటం మనకు అలవాటే. గోదావరి లంకలలోని గన్నవరంలో బాటసారులకు వేళ కాని వేళ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మను (1841–1909) అపర అన్నపూర్ణ అన్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టి, 2025 జనవరి నుండి దానిని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు కూడా విస్తరింపజేసింది. ఆ గౌరవం సముచితం. కాని ఎందరు వస్తారో తెలియని ఇంట్లో ఎంత బియ్యం పోయాలి, ఏ కూర ఎంతమందికి సరిపోతుంది, చల్లారిన పొయ్యిని ఎంతసేపటిలో రాజేయాలి అనే లెక్కలను ఆమె ఎలా నిర్వహించారన్నది ఆ కీర్తిగాథలలో అంతగా ప్రస్తావనకు రాదు. దాతృత్వం పుణ్యం కిందికి చేరింది, నేర్పు లెక్కలోకి రాలేదు.

మస్తానమ్మకు ఆ అన్యాయం పూర్తిగా జరగలేదు. ఆమె ఉప్పు చిటికెను, అల్లం గీకే గోటిని, కట్టెను వెనక్కు లాగే క్షణాన్ని ఇప్పటికీ ఎవరైనా చూడవచ్చు, చూసి నేర్చుకోవచ్చు. ఆమెతోపాటు ఆ తెనాలి పొలాలలో నాట్లు వేసి, కలుపు తీసి, సందెవేళ ఇంటికి మళ్లి పొయ్యి వెలిగించిన స్త్రీలు మాత్రం ఏ వీడియోలోనూ లేరు. వారిలో ఎవరి పులుసు ఊరంతా మెచ్చేదో, ఎవరు దేనిలో ఏమి కలిపేవారో, వారు పెట్టింది తిని పెరిగినవారికైనా జ్ఞాపకం ఉన్నదో లేదో!