బుద్ధి చెప్పడం వేరు, వినడం వేరు

హోసూరు నుంచి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె కుమార్తె ఈ యేడు పన్నెండో తరగతి ముగించింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు, బెంగుళూరు చేరువ గనుక కన్నడం, ఇట్లు నాలుగు భాషలూ ధారాళంగా మాట్లాడుతుందట. "అందరి పిల్లల మాదిరి ఇంజనీరింగు చదవమంటే కౌన్సెలర్ అవుతానని పట్టుబట్టింది. ఒకరి కష్టం వినేదానికి చదువెందుకు? మా అవ్వ ఊరంతటికీ బుద్ధులు చెప్పింది, ఆమె ఏ పరీక్ష పాసయింది? దీనితో పిల్లకు జరుగుబాటు ఉంటుందా?" అని ఆ తల్లి అడిగినారు.

ఇందులో రెండు ప్రశ్నలున్నవి. చదువెందుకన్నది మొదటిది, బ్రతుకుతెరువు సంగతి రెండోది. మొదటిదానికి మా అనుభవమే చెప్పవలసి ఉన్నది. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నది.

కొన్నేండ్ల క్రిందట సంఘంలో ఉగాది వేడుకలనాడు ఒక కుర్రవాడు మా ప్రక్కన వచ్చి కూర్చున్నాడు. "చదువు సాగడం లేదండీ. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అన్నాడు. మేము వెంటనే అందుకొని అరగంట సేపు ధైర్యం చెప్పినాము. మా చిన్ననాటి కష్టాలు వర్ణించినాము. తలిదండ్రుల త్యాగం గుర్తు చేసినాము. "సరేనండీ" అని లేచిపోయినాడు. ఆ యేడు అతడు పరీక్షలకే పోలేదనీ, ఆ సంగతి ఇంట్లో నెలల తరబడి దాచినాడనీ తరువాత తెలిసింది. వైద్యుని చేతిలోను, ఒక కౌన్సెలర్ చేతిలోను పడి తేరుకొన్నాడు. ఇప్పుడు కులాసాగానే ఉన్నాడు. కాని ఆనాడు ఆ నిద్రలేని రాత్రులను గురించి మేము ఒక్క ప్రశ్నయినా అడిగినామా? లేదు. అతడు నోరు తెరిచినాడు, మేము మూయించినాము.

చదువెందుకంటే ఇందుకు. అమెరికా దేశపు మనస్తత్వశాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ 1942లో ప్రకటించిన గ్రంథంలో, హితబోధల వల్ల మనిషి మారడని, తన దారి తానే కనుగొనేటట్లు ఎదుటివాడు తోడుండవలెనని వాదించినాడు. వినడానికి తేలికగానే ఉన్నది గాని చేయడం తేలిక కాదు. నాలుక చివర ఉన్న సలహాను మింగడం నేర్చుకోవలె. తన ఇష్టానిష్టాలు మాటలో దొర్లకుండా చూచుకోవలె. విన్నది గడప దాటరాదు. ప్రాణాపాయం కనిపించినప్పుడు మాత్రం మౌనంగా ఊరుకోరాదు. మందు కావలసిన జబ్బు ఏదో, మాటతో తీరే బాధ ఏదో గుర్తించి తగిన చోటికి పంపవలె. ఇవన్నీ పుస్తకం చదివితే వచ్చేవి కావు. అనుభవజ్ఞుల కంటి ఎదుట, తప్పులు దిద్దించుకొంటూ అభ్యాసం చేయవలసినవి.

ఇక దారి సంగతి. ముందు మూడు పేర్లు విడదీసి చూడవలె. సైకియాట్రిస్టు వైద్యుడు. ఎం.బి.బి.ఎస్. తరువాత మానసిక వైద్యంలో పై చదువు చదివి మందులు వ్రాసేవాడు ఆయన. క్లినికల్ సైకాలజిస్టు మందులు ఇవ్వడు. మనోవ్యాధులను పరీక్షలతో అంచనా కట్టి మాటలతో చికిత్స చేస్తాడు. ఈ వృత్తికి 1992 నాటి చట్టం క్రింది భారత పునరావాస మండలి అంగీకరించిన శిక్షణ పొంది, దాని పట్టికలో పేరు నమోదు చేయించుకోవలె. ఈ కోర్సుల పేర్లు, గడువులు మారుతుంటవి గనుక చేరేముందు మండలి జాబితా చూచుకోవడం మంచిది. మూడోవాడు కౌన్సెలర్. బడి, కాపురం, ఉద్యోగం, దుఃఖం, ఇట్టి జీవిత సమస్యలలో చిక్కినవారికి తోడుండేవాడు.

కౌన్సెలర్ కాదలచినవారు సైకాలజీతో డిగ్రీ చదివి, ఆ పైన రెండేండ్లు సైకాలజీలో గాని కౌన్సెలింగ్‌లో గాని ఎం.ఏ. లేక ఎం.ఎస్సీ. చేయడం తిన్నని మార్గం. ఎం.ఎస్.డబ్ల్యూ. చదివి ఈ పనిలోకి వచ్చేవారూ ఉన్నారు. ఉపాధ్యాయ శిక్షణ ముగించినవారికి ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి ఏడాది డిప్లొమా కలదు. అందులో కొంత ఇంటివద్ద చదువు, కొంత ముఖాముఖి బోధన, కొంత అభ్యాసం. దాని కేంద్రాలలో మైసూరు, భువనేశ్వరం ఉన్నవి గనుక కర్ణాటక, ఒడిస్సాలలోని మనవారికి అనుకూలం. ప్రవేశ ప్రకటన యే యేటికాయేడు చూచుకోవలె.

ఒక హెచ్చరిక. 2025 జూలై, ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్య ద్వారా గాని ఆన్‌లైన్ ద్వారా గాని బోధించరాదని యు.జి.సి. ఉత్తరువు చేసింది. కనుక ఇంటినుంచే డిగ్రీ ఇప్పిస్తామనే ప్రకటనలకు డబ్బు కట్టకండి. పది వారాంతాలలో కౌన్సెలర్‌ను చేస్తామనే సర్టిఫికెట్లూ అంతే. ఏ సంస్థలో చేరినా ఒకటే ప్రశ్న వేయండి: "ఎవరి పర్యవేక్షణలో, ఎన్ని గంటలు, నిజమైన మనుషులతో అభ్యాసం చేయిస్తారు?" జవాబు నసిగితే లేచి రండి. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సైకాలజిస్టులను, కౌన్సెలర్లను కూడా తన పట్టికలో చేర్చింది గనుక మునుముందు కొలతలు మరింత బిగిసేవే.

బ్రతుకుతెరువు ఉన్నదా? ఉన్నది. విశాఖపట్టణంలో 2023లో మరణించిన ఒక పదునేడేండ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పుతూ, 100 మందికి తక్కువ కాకుండా విద్యార్థులున్న ప్రతి సంస్థ కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌ను గాని, సైకాలజిస్టును గాని, సోషల్ వర్కరును గాని నియమించుకోవలెనన్నది. 1984 నాటి చట్టం కుటుంబ న్యాయస్థానాలకు కౌన్సెలర్లను కల్పించింది. ప్రభుత్వాసుపత్రులలోని హెచ్.ఐ.వి. పరీక్షాకేంద్రాలలో వారున్నారు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవలో, 14416 నంబరుకు పిలిచినవారితో మొదట మాట్లాడేది శిక్షణ పొందిన కౌన్సెలర్లే. మొదటి జీతం ఇంజనీరు జీతంతో తూగదని మాత్రం దాచకుండా చెప్పవలె. పేరు, అనుభవం నిదానంగా వస్తవి.

ఇక మనవంటి ప్రవాసాంధ్రులకు ప్రత్యేకించి ఒక సంగతి. ఒక పెద్దమ్మను కొడుకు, కోడలు నగరంలోని ఆసుపత్రికి తీసుకొనిపోతారు. ఆమెకు తెలుగు తప్ప రాదు. అడిగేవారికి తెలుగు రాదు. కోడలే దుబాసీ. "బెంగగా ఉన్నదమ్మా" అని ఆమె అంటే, ఆ బెంగ కోడలి వల్లనే అయితే ఏ నోటితో చెప్పగలదు? బెంగ, దిగులు, గుబులు, వీటికి వేరువేరు రుచులున్నవి. ఒకే ఇంగ్లీషు మాటలో పోసి కలిపితే ఆ తేడా పోతుంది. ఈ శిక్షణ చాలావరకు ఇంగ్లీషులోనే సాగుతున్నది గనుక, నేర్చినదానిని ఇంటి తెలుగులో పలుకగల బిడ్డలు మనకు అవసరం. అయితే ఆ బిడ్డలు తమ బంధువులకు, సంఘంలో దగ్గరివారికి తామే కౌన్సెలింగ్ చేయరాదు. మరొకరివద్దకు పంపడమే ఆ వృత్తి ధర్మం.

అమ్మా, మీ అమ్మాయి కోరిక తేలికది కాదు, తోసివేయదగినదీ కాదు. మీ ఇంటికి 40 కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరులో, 1954లో మొలకెత్తి 1974లో నిమ్హాన్స్‌గా రూపొందిన సంస్థ ఉన్నది. కౌన్సెలింగ్ బోధించే కళాశాలలూ ఉన్నవి. డిగ్రీలో సైకాలజీ తీసుకోనివ్వండి. మూడేండ్లలో మనసు నిలిచినదో లేదో ఆమెకే తెలుస్తుంది.

మీ అవ్వను గురించి ఒక మాట. ఊరంతా ఆమె వద్దకు వచ్చినది బుద్ధుల కోసమేనా, ఆమె పని ఆపి, తాంబూలం ప్రక్కన పెట్టి, చెప్పినదంతా విన్నందుకా? ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. ఆ తరువాత అమ్మాయిని పిలిచి ఎదుట కూర్చోబెట్టుకోండి. ఈసారి మీరు సలహా చెప్పక, ముందు వినండి.