మూడో నెల నిండకముందే

కడుపుతో ఉన్న సంగతి మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దంటారు పెద్దవాళ్లు, దిష్టి తగులుతుందని. ఆ కడుపు నిలవకపోతే? నెల తప్పిన సంగతే తెలియని వాళ్ల దగ్గర ఆమె ఏమని ఏడుస్తుంది? జ్వరమొచ్చిందని చెప్పి రెండు రోజులకే ఆఫీసుకు వెళ్లిపోతుంది. దిష్టి మాటెలా ఉన్నా, అక్కకో స్నేహితురాలికో ముందే చెప్పి ఉంచుకోవడం మంచిదనిపిస్తుంది.

తెలిసినవాళ్లు మాత్రం ఊరుకుంటారా? "బొప్పాయి తిన్నావా? మెట్లెక్కావా? బండి మీద తిరిగావా?" పలకరించడానికి వచ్చి విచారణ మొదలుపెడతారు. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 15 దాకా ఇలా పోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తొలి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే. మెట్లెక్కినందుకు కాదు, ఉద్యోగానికి వెళ్లినందుకూ కాదు. డాక్టరమ్మ ఈ ముక్క ఆమె ఒక్కదానితోనే చెబితే చాలదు, భర్తనూ అత్తగారినీ కూర్చోబెట్టి చెప్పాలి.

"చిన్నదానివి, మళ్లీ వస్తుందిలే" అంటారు ఇంకొందరు. ప్రేమతోనే అంటారు. కానీ మళ్లీ వచ్చేది మరో బిడ్డ. ఐదో నెలలో పోతే కొందరికి పాలు కూడా పడతాయి. బిడ్డ లేదన్న సంగతి ఒంటికి ఆలస్యంగా తెలుస్తుంది. బాలింతకైతే పథ్యం, నలుగు, పని ముట్టుకోవద్దనే గదమాయింపు ఉంటాయి. కడుపు పోయినామె మూడో రోజుకే గిన్నెల దగ్గర ఉంటుంది. ఓదార్పు మాటలు రానివాళ్లు వేళకింత వేడన్నం పెట్టి, పడుకోమంటే అదే పదివేలు.

చట్టం ఇంటికన్నా నయం. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం గర్భస్రావమైన ఉద్యోగినికి ఆరు వారాల జీతంతో కూడిన సెలవిచ్చింది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ అది ఉంది. కారణం చెప్పుకోలేక అడగనివాళ్లే ఎక్కువ. కూలికెళ్లే ఆమెకైతే అదీ లేదు. భర్త సంగతి చట్టానికీ పట్టలేదు; ఆసుపత్రి బిల్లు కట్టి, మందులు తెచ్చి, అందరికీ ఫోన్లు చేసే అతన్ని నువ్వెలా ఉన్నావని అడిగేవాళ్లుండరు. న్యూజిలాండ్ 2021లో ఇద్దరికీ మూడు రోజుల సంతాప సెలవు ఇచ్చింది. మూడు రోజుల్లో దుఃఖం తీరుతుందని కాదు, అది అతనిది కూడానని ఒప్పుకున్నారు.

వారాలు గడిచినా నిద్ర, తిండి లేకపోతే 14416కు ఫోన్ చేయవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరది; తెలుగులోనే మాట్లాడతారు.

ఒకసారి కడుపు పోయినవాళ్లలో ఎక్కువమందికి తర్వాతి కాన్పు సవ్యంగానే అవుతుంది. ఇది ఉత్త ఊరడింపు కాదు, డాక్టర్లు రోజూ చూసేదే. అయినా మళ్లీ నెల తప్పితే సంతోషం కన్నా భయమే ముందొస్తుంది. బాత్‌రూమ్‌కు వెళ్లిన ప్రతిసారీ మరక కోసం వెతుక్కుంటుంది. స్కాన్ కాస్త ముందుగా చేయమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అసలు ఇప్పుడే వద్దు, ఇంకో ఏడాది ఆగుదామని ఆమె అంటే, ఆ ఏడాదిలో నెలలు లెక్కపెట్టే పని అత్తింటివాళ్లు పెట్టుకోకూడదు.