బరి చుట్టూ ఉన్నవాళ్ళెక్కడ?

మన చిత్రకారులు ఆటగాళ్ళ బొమ్మలు వేస్తున్నారు గానీ ఆటని వేయడం లేదు. వేస్తున్నది పతకాన్ని. సింధు అంటే గాల్లోకి లేచి స్మాష్ కొడుతున్న సింధు. కరణం మల్లీశ్వరి అంటే తలపైకెత్తిన బార్‌బెల్. వెనకాల ఒక జెండా, కాస్త పొగలాంటి రంగు. ఆ కోర్టు చుట్టూ, ఆ వేదిక ముందు మనుషులున్నారన్న ఆనవాలే ఉండదు. ఉన్నా చుక్కలే. నేను బతికే సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, జనాన్ని నాయిజ్ అనుకుని ఫిల్టర్ చేసేస్తున్నారు. నా వాదనల్లా ఒకటే: ఆ జనమే సిగ్నల్.

ఇలా ఎందుకవుతోందో కనిపెట్టడం కష్టమేం కాదు. బొమ్మ మైదానం నుంచి రావడం లేదు, ఫోటో నుంచి వస్తోంది. స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్ సెకనులో వెయ్యో వంతుని ఆపి పట్టుకుంటాడు. అతని పొడవాటి లెన్స్ వెనకున్న వాళ్ళని మసక చేసేస్తుంది. అది లెన్స్ పరిమితి. ఆ ఫోటో మీద గళ్ళు గీసి కాన్వాసు మీదికి ఎక్కించేవాడు ఆ పరిమితిని కూడా శ్రద్ధగా కాపీ కొడుతున్నాడు. చేతిలో కుంచె ఉన్నవాడికి ఆ ఖర్మ ఏమిటి?

గుడివాడలో సంక్రాంతికి జరిగే ఎడ్ల బండలాగుడు తీసుకోండి. పళ్ళని బట్టి జతల్ని విభాగాలు చేస్తారు. ఇచ్చిన టైములో ఏ జత ఎక్కువ అడుగులు లాగితే దానిదే గెలుపు. ఫోటోలో మిగిలేది ఒంగోలు గిత్త మూపురం, బిగిసిన కండ. అక్కడ నిలబడి చూస్తే కనబడేది వేరు. బండ కదిలితే తాడు అవతలి జనం కూడా ముందుకి ఒరుగుతారు. బండ మొరాయిస్తే వాళ్ళ భుజాలు బిగుసుకుపోతాయి. బండ బరువు ఎంతో ఎడ్ల కాళ్ళకన్నా ఆ భుజాలే బాగా చెప్తాయి.

కబడ్డీ ఇంకా గట్టి పరీక్ష. అవనిగడ్డ, నాగాయలంక వైపు ఏ స్కూలు గ్రౌండులో ఆడినా ఆటకి ప్రాణం కూత. రెయిడుకి ఉన్నది 30 సెకన్లు. రంగుకి శబ్దం లేదు కదా, మరి ఆ కూత వినిపించేదెలా? రెయిడర్ నోరు తెరిచి గీస్తే పాట పాడుతున్నాడో ఆవలిస్తున్నాడో తెలీదు. అతని కూత ఆగేదాకా తమ ఊపిరి బిగబట్టుకున్న ముఖాలు గీత చుట్టూ ఉండాలి. అప్పుడు వినిపిస్తుంది.

ఇది నేను ఎక్కడినుంచో అరువు తెచ్చిన సిద్ధాంతం కాదు, కృష్ణ ఒడ్డునే పుట్టింది. అమరావతి స్తూపం నుంచి వెళ్ళి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న నళగిరి శిల్పం చూడండి. ఒకే గుండ్రటి ఫలకంలో మదమెక్కిన ఏనుగు వీధిలో పడి తొక్కేస్తూ ఉంటుంది, అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లీ ఉంటుంది. మేడ మీంచి తొంగిచూసేవాళ్ళు, హడలిపోయి పక్కవాళ్ళ మీదికి ఒరిగిపోయేవాళ్ళు. ఆ ఏనుగు ఎంత భయంకరమో చెప్పేది ఏనుగు కాదు, వీధి. అది ఆట కాదు, ఒప్పుకుంటాను. కానీ ఒక సంఘటనని చూసేవాళ్ళ ఒంట్లో చూపించే విద్య అది. ఆ శైలి శిల్పాలే దొరికిన ఘంటసాల పాత దివి తాలూకాలోదే.

మరి ఆ విద్య ఏమైంది? 1920లలో మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ బెంగాల్ పద్ధతి నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. నీటిరంగుల పలచని పొరల ఆ పద్ధతి పురాణానికి, ధ్యానానికి అమరినట్టు చెమటకి అమరదు. వాళ్ళ అవసరం వేరు, తప్పు పట్టను. నూరేళ్ళ తర్వాత కూడా కుండ, కొప్పు, కోడె దగ్గరే ఆగిపోయి అదే పల్లె అని అమ్మేవాళ్ళతోనే నా తగాదా.

బయటి ప్రపంచంలో ఈ పని చేసినవాళ్ళున్నారు. ఇంగ్లండులో లౌరీ 1953లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళే జనాన్ని వేశాడు. బోల్టన్ స్టేడియం వైపు ఒంగి నడుస్తున్న మనుషులే బొమ్మంతా. మ్యాచ్ లేదు, బంతి లేదు. అయినా వారమంతా చాకిరీ చేసినవాళ్ళకి ఆ పూట ఏమిటో తెలిసిపోతుంది. 2022లో ఆ బొమ్మ వేలానికొస్తే, లౌరీ పేరుతోనే ఉన్న శాల్‌ఫర్డ్ కళాకేంద్రం 78 లక్షల పౌండ్లు పెట్టి కొంది, అందరూ చూసేచోటే ఉండాలని.

“గుంపు మీద ఇంత మోజెందుకు? కోడిపందేల బరి దగ్గర నోట్లు ఊపేదీ ఆ గుంపే కదా” అని మీరు అడగొచ్చు. అందుకే గీయాలంటున్నాను. షామియానా కింద కుర్చీల్లో ఎవరున్నారు, ట్రాక్టర్ ఎక్కింది ఎవరు, తాడు బయట ఎండలో నిలబడ్డది ఎవరు, ఆడవాళ్ళకి చోటెక్కడ, అసలు ఉందా? ఊరి లెక్కంతా ఆ వలయంలోనే ఉంటుంది. గెలిచినవాణ్ణి ఒక్కణ్ణే కత్తిరించి గీస్తే ఆ లెక్క చెరిగిపోతుంది. ఒంటరి వీరుడి బొమ్మ కళాఖండం కాదు, నాయకుడి ఫ్లెక్సీకి తోబుట్టువు. రెండింట్లోనూ మిగతా ఊరు కనబడదు.

కాబట్టి చిత్రకారులకి నా సలహా: వచ్చే సంక్రాంతికి ఫోన్ జేబులో పెట్టేసి ఒక స్కెచ్‌బుక్ తీసుకెళ్ళండి. బరికి వీపు పెట్టి నిలబడండి. ఎవరు గెలిచారో ఆ ముఖాలే చెప్తాయి, ఎవరు ఓడారో కూడా.