కాలాపేట తీరంలో సంగీతోత్సవం: గుడారానికి మంచి చోటును నిర్ణయించాల్సింది ఎవరు?

సముద్రానికి ఎదురుగా, వేదికకు దగ్గరగా, చెట్టు నీడన. సంగీతోత్సవానికి వెళ్లే యువత గుడారం వేసుకోవడానికి సాధారణంగా వెతికే చోటు ఇది. పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరాన ఉన్న కాలాపేట తీరంలో ఈ మూడు కోరికల వెనుకా మూడు వేర్వేరు ప్రమాదాలు పొంచి ఉన్నాయి. వీటిలో కొన్నింటిని సందర్శకుడు తన జాగ్రత్తతో తప్పించుకోగలడు. మిగిలినవి అతని చేతిలో లేవు. టికెట్ల అమ్మకానికి ముందే నిర్వాహకులు, అధికారులు నేలను ఎలా ఎంపిక చేశారన్న దానిపైనే అవి ఆధారపడి ఉంటాయి.

బంగాళాఖాతం తీరాన సంగీతం కోసం జనం గుమిగూడటం కొత్త కాదు. పుదుచ్చేరిలో ఏటా జూన్ 21న ఫ్రెంచి సంప్రదాయానికి చెందిన సంగీత దినోత్సవం జరుగుతుంది. ఇదే ఈస్ట్ కోస్ట్ రోడ్డుపై చెన్నై సమీపంలోని కోవళంలో 2013లో మొదలైన సర్ఫింగ్, సంగీత ఉత్సవానికి దేశవ్యాప్తంగా పేరు వచ్చింది. కొత్త సంవత్సరం వేళ పుదుచ్చేరి పరిసర తీరమంతా పాటలతో మార్మోగుతుంది. 1985లో ఏర్పడిన పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయం కాలాపేటలోనే ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచీ, ఈ కేంద్రపాలిత ప్రాంతంలోనే తెలుగు మాట్లాడే యానాం నుంచీ విద్యార్థులు అక్కడికి చదువుకోవడానికి వెళ్తారు. అందువల్ల ఈ తీరంపై రాత్రి విడిది ఎంత భద్రమన్న ప్రశ్న తెలుగు కుటుంబాలకు కూడా సంబంధించినదే.

కదిలిపోతున్న తీరం

మొదటి కోరిక సముద్రానికి దగ్గరగా ఉండటం. ఇక్కడి తీరం స్థిరంగా లేదన్న సంగతిని ముందుగా గుర్తించాలి. తూర్పు తీరం వెంట ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1980వ దశకం చివరలో పుదుచ్చేరి రేవు కోసం నిర్మించిన అలల నిరోధక గోడలు ఈ ఇసుక ప్రవాహాన్ని అడ్డుకున్నాయి. ఫలితంగా రేవుకు దక్షిణాన ఇసుక మేట వేయగా, ఉత్తరాన తీరం కోతకు గురైంది. పట్టణంలో ఇసుక తీరం దాదాపు కనుమరుగైంది. కోత క్రమంగా ఉత్తరం వైపు మత్స్యకార గ్రామాలకు పాకింది. పిళ్ళైచావడి, కాలాపేట వాసులు రాళ్ల కట్టల కోసం ఆందోళనలు చేయవలసి వచ్చింది. నిరుడు విశాలంగా కనిపించిన ఇసుక తిన్నె ఈ ఏడాది ఉంటుందన్న భరోసా ఇక్కడ లేదు.

ఈ తీరంలో రోజువారీ ఆటుపోట్ల వ్యత్యాసం సుమారు ఒక మీటరు మాత్రమే. ఈ లెక్క చూసి ధైర్యపడటం పొరపాటు. దూరాన ఏర్పడిన తుపాను పంపే పెద్ద అలలు ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు కూడా తీరాన్ని ముంచెత్తగలవు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో కాలాపేట పరిసర మత్స్యకార గ్రామాలు సైతం దెబ్బతిన్నాయి. ఆ విపత్తు తరువాత హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరికల వ్యవస్థ 2007 నుంచి పనిచేస్తోంది. ఉధృత అలలపై హెచ్చరికలను కూడా ఆ సంస్థే జారీ చేస్తుంది. కానీ వేదికపై సంగీతం హోరెత్తుతుండగా గుడారంలో నిద్రిస్తున్న మనిషికి ఆ హెచ్చరికను చేరవేసేది ఎవరు? నిర్వాహకుడు ముందుగా జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది.

కాలం తెలిసి విడిది

పుదుచ్చేరి వార్షిక వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనాలదే. పర్యాటకుల రద్దీ పెరిగే కాలం కూడా దాదాపు ఇదే. 2011 డిసెంబరు 30న థానే తుపాను గంటకు 120 కిలోమీటర్లకు పైగా వేగంతో కడలూరు, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. అప్పటికి కొత్త సంవత్సర వేడుకలకు ఒక్క రోజే మిగిలి ఉంది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటి, గంటల తరబడి అక్కడే నిలిచిపోయింది. ఒక్క రోజు వ్యవధిలో పట్టణంలో 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. గాలి తీవ్రతలో థానేతో పోల్చదగినది కాకపోయినా, వరద మాత్రం అసాధారణం. తుపాను పేరు, దాని స్థాయి ఎంత బెదిరిస్తున్నాయన్న దానికంటే నీరు ఎక్కడ చేరుతుందన్నదే విడిదికి ముఖ్యమని ఆ అనుభవం చెబుతోంది.

ఇక్కడి భూస్వరూపం ఈ ప్రశ్నను మరింత కీలకం చేస్తుంది. తీరానికి పడమరన ఆరోవిల్ వైపు నేల ఎర్రమట్టి మెట్టగా పైకి లేస్తుంది. కాలాపేటకు దక్షిణాన బొమ్మయార్‌పాళయం వద్ద వాన నీరు ఆ ఎర్రమట్టిని కోసి లోతైన గండ్లను ఏర్పరచింది. ఎండాకాలంలో ఈ గండ్లు గాలి తగలని ప్రశాంతమైన మూలలుగా, విడిదికి అనువుగా కనిపిస్తాయి. మెట్టపై కుండపోత కురిస్తే సముద్రానికి నీటి దారి అవే. కింద వాన లేకపోయినా పైనుంచి ప్రవాహం రావచ్చు. ఎర్రమట్టిలో నీరు పారిన చారలు, ఒకే దిక్కుకు వాలిన గడ్డి, ఎండిన చెత్త ఒకే గీతలో పేరుకుపోవడం వంటి గుర్తులు కనిపిస్తే ఆ చోటు వదిలేయాలి.

బ్రిటన్‌లోని గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో 2005 జూన్‌లో కురిసిన ఉరుముల వానకు పల్లపు ప్రాంతంలోని గుడారాలు మునిగిపోయాయి. గట్టున ఉన్నవారికి బురద మాత్రమే మిగిలింది. టికెట్ ధర ఒక్కటే అయినా, నేల ఎత్తులో కొద్దిపాటి తేడాయే రెండు రకాల రాత్రులను నిర్ణయించింది.

చెట్టు, గాలి, ఇసుక

చెట్టు నీడ కోరుకోవడం సహజం. తూర్పు తీరాన సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు. ఇసుక మీద వేసిన గుడారం ఉదయం ఏడు గంటలకే ఉక్కపోతతో నిండుతుంది. తోపుకు పడమటి వైపు వేసుకుంటే ఆ చెట్లే ఉదయపు ఎండను కాసేపు ఆపుతాయి. అయితే నీడ వేరు, కొమ్మ కింద నిద్ర వేరు. ఈ తీరంలో విరివిగా పెంచే సరుగుడు ఇసుక నేలలో పెద్ద గాలులకు కూలిపోతుందని థానే చూపింది. కొబ్బరి చెట్టు కింద పడుకోకూడదని కోనసీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు. చెట్టు ఎత్తుకు తగినంత దూరం ఉంచి, దాని నీడ ఉదయం ఎటు పడుతుందో చూసుకుని గుడారం వేసుకోవడం ఉత్తమం. సరుగుడు తోపులో రాలిన ఎండుటాకు త్వరగా అంటుకుంటుంది కాబట్టి అక్కడ పొయ్యి, చలిమంట రెండూ నిషిద్ధమే.

మామూలు మేకులు ఇసుకలో నిలవవు. సంచులలో ఇసుక నింపి, తాళ్లను వాటికి కట్టి, మోకాలి లోతున పాతిపెడితే పట్టు దొరుకుతుంది. పగలు గాలి సముద్రం నుంచి, రాత్రి సాధారణంగా భూమి వైపు నుంచి వీస్తుంది. ఈశాన్య రుతుపవన కాలంలో ఈశాన్యం నుంచి బలంగా వస్తుంది. గుడారం వెడల్పాటి పక్కను, తలుపును ఆ గాలికి ఎదురుగా ఉంచకూడదు. ఉరుము వినిపించిన వెంటనే గుడారం వదిలి పక్కా భవనంలోకో, కారులోకో చేరాలి. పలుచని బట్ట, లోహపు కడ్డీలు పిడుగు నుంచి కాపాడవు.

గాలి విషయంలో బెల్జియం అనుభవం గుర్తుంచుకోదగినది. 2011 ఆగస్టు 18న పుక్కెల్‌పాప్ సంగీతోత్సవంపై విరుచుకుపడిన గాలివాన కొద్ది నిమిషాల్లోనే పెద్ద డేరాలను, వేదిక నిర్మాణాలను కూల్చివేసింది. ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. వేదికకు దగ్గరగా ఉండాలన్న రెండో కోరికలో దాగిన ప్రమాదం ఇదే. దీపాల స్తంభాలు, ధ్వనివర్ధకాల గోపురాలు, జనరేటర్లు, వాటి తీగలు అన్నీ వేదిక చుట్టూనే ఉంటాయి. తొక్కిసలాట మొదలయ్యేదీ అక్కడే.

బయటపడే దారి

నీరు ఎటు పోతుందన్నది మొదటి ప్రశ్న అయితే, మనిషి ఎటు పోగలడన్నది రెండోది. 2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలి రోజున రాజమహేంద్రవరంలో ఒకే ఘాట్ వద్ద జనం కిక్కిరిసి పాతిక మందికి పైగా మరణించారు. అక్కడ నదికి గానీ, వాతావరణానికి గానీ దోషం లేదు. లోపం దారులది, రద్దీని పంచడంలోని వైఫల్యానిది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే జనసమూహాల నిర్వహణపై మార్గదర్శకాలు విడుదల చేసింది. వేదిక సామర్థ్యం, రాకపోకల దారులు, అత్యవసర నిష్క్రమణ వంటివన్నీ ముందే లెక్కించాలని అవి చెబుతున్నాయి.

తాత్కాలిక శిబిరాలకు అంతర్జాతీయ సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు ఇక్కడ ఉపయోగపడతాయి. వాటి ప్రకారం 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. అది విడిదికి 50 మీటర్లలోపే ఉండాలి. భూగర్భజల వనరులకు మాత్రం కనీసం 30 మీటర్ల దూరం పాటించాలి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు కావాలి. నిప్పు పాకకుండా రెండు గుడారాల మధ్య వాటి ఎత్తుకు రెండింతల ఎడం ఉంటే మంచిది. ఇవి విపత్తు బాధితుల కోసం రూపొందించిన కనీస ప్రమాణాలు. డబ్బు చెల్లించి ఉత్సవానికి వచ్చినవారికి అంతకంటే తక్కువ దొరకడాన్ని సమర్థించలేం.

ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకోసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు వచ్చే లక్షలాది కుటుంబాలు జంపన్నవాగు పరిసరాల్లో విడిది చేస్తాయి. తాత్కాలిక విడిది తెలుగువారికి కొత్త విద్య కాదు. నీటి సరఫరా, మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు, తప్పిపోయినవారి కోసం కేంద్రాలు అక్కడ జాతరలో భాగంగానే ఏర్పాటవుతాయి. ప్రైవేటు సంగీతోత్సవంలో అదే బాధ్యత నిర్వాహకుడిపై పడుతుంది. ఆ బాధ్యత నెరవేరిందో లేదో చూడటం ప్రభుత్వం పని.

తీరం ఎవరిది?

కాలాపేట తీరం ఖాళీ మైదానం కాదు. తెల్లవారకముందే పడవలు బయలుదేరేదీ, వలలు ఆరేదీ, చేపలు ఎండేదీ అక్కడే. పడవల దారిలో వేసిన గుడారం మత్స్యకారుడి రోజు కూలికి అడ్డం. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో రాత్రివేళ గుడ్లు పెడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ఈ జీవులను దీపాల వెలుగు దారి తప్పిస్తుంది. గూటి నుంచి బయటపడిన పిల్లలు సముద్రం వైపు కాకుండా వెలుగు వైపు నడుస్తాయి.

చట్టం కూడా కొన్ని గీతలు గీసింది. 2019 నాటి తీర నియంత్రణ మండలి ప్రకటన ఇసుక తీరాల్లో పర్యాటకుల కోసం తాత్కాలిక సదుపాయాలను అనుమతిస్తూనే, పోటు రేఖ నుంచి కనీసం 10 మీటర్ల దూరం ఉండాలని నిర్దేశించింది. ఇది చట్టపరమైన కనీస హద్దు మాత్రమే. కోతకు గురవుతున్న తీరంలో రాత్రి నిద్రకు దీనినే భద్రమైన దూరంగా భావించరాదు. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట ధ్వనివర్ధకాలు వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన వేడుకలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. విద్యాసంస్థలు, ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల పరిధిని నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలూ ఉంది. విశ్వవిద్యాలయం, న్యాయ కళాశాల, వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్న కాలాపేటలో వేదికకు చోటు దొరకడమే కష్టం. వేదిక ఎక్కడన్నది తేలాకే విడిది ఎక్కడన్నది తేలుతుంది.

పాలనాపరమైన చిక్కు మరొకటి ఉంది. పుదుచ్చేరి పట్టణం నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డుపై కాలాపేటకు వెళ్లేవారు మధ్యలో తమిళనాడుకు చెందిన కోట్టకుప్పం, బొమ్మయార్‌పాళయం దాటాలి. అంటే అంబులెన్సు, అగ్నిమాపక వాహనం, పోలీసు బలగం ఒకే రోడ్డుపై రెండు పాలనా పరిధులను దాటి రావాలి. ఉత్సవ రాత్రి ఆ రోడ్డు వాహనాలతో నిండిపోతే ప్రత్యామ్నాయ మార్గం ఏమిటన్నది రెండు ప్రభుత్వాల అధికారులు కలిసి తేల్చుకోవలసిన విషయం.

టికెట్‌కు ముందే అడగాలి

విడిది పటాన్ని టికెట్‌తో పాటే ప్రకటించడం ఈ సమస్యకు ఆచరణీయమైన పరిష్కారం. నేల ఎత్తుపల్లాలు, పోటు రేఖ, నీటి దారులు, నిష్క్రమణ మార్గాలు, మరుగుదొడ్లు, వైద్య శిబిరం, వాన ముంచెత్తితే తలదాచుకోవలసిన పక్కా భవనం అందులో కనిపించాలి. వాతావరణ శాఖ ఏ స్థాయి హెచ్చరిక ఇస్తే కార్యక్రమం నిలిపివేస్తారో, డబ్బు ఎలా తిరిగి ఇస్తారో ముందే చెప్పాలి. రద్దు చేస్తే నష్టం తనకే అన్న భయం నిర్వాహకుడిని చివరి నిమిషం వరకు నాన్చేలా చేస్తుంది. అనుమతి పత్రంలోనే ఈ షరతు ఉంటే ఆ ఊగిసలాటకు తావుండదు.

సందర్శకుల వంతు కూడా ఉంది. పగటి వెలుతురులోనే చేరుకోవాలి. గుడారం నుంచి రోడ్డుకు ఒకసారి నడిచి దారి గుర్తుపెట్టుకోవాలి. చీకటిలో సముద్ర స్నానానికి దిగకూడదు. అత్యవసర సంఖ్య 112ను, బృందం కలుసుకోవలసిన చోటును అందరూ తెలుసుకోవాలి.

విశాఖపట్నం నుంచి సూర్యలంక వరకు ఆంధ్ర తీరంలోనూ బీచ్ ఉత్సవాలు జరుగుతున్నాయి. దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆ తీరం కూడా తుపానుల దారిలోనే ఉంది. కాలాపేట ముందున్న ప్రశ్నలు రేపు అక్కడా ఎదురవుతాయి. వాటికి జవాబు గుడారం మోసుకొచ్చిన యువకుడి ఊహకు వదిలేయదగినది కాదు. అనుమతి పత్రంపై సంతకం చేసే అధికారి ఆ నేలపై స్వయంగా నడిచి చూసిన తరువాతే ఉత్సవానికి తేదీ ఖరారు కావాలి.