గృహ పరిచర్యకు నియమము లేదా?

జగిత్యాలకును కోరుట్లకును నడుమనున్న మేడిపల్లి ప్రాంతమునను, సిరిసిల్ల వైపు పల్లెలలోను, ఏ వీధిని జూచినను దూరదేశమున కుమారుడున్న యిండ్లు కొన్నియైనను కనబడును. దుబాయి, మస్కట్, కువైట్ల మాట అందరెరిగినదే. అంతగా నెరుగబడని దొకటి కలదు. జగిత్యాల, నిజామాబాదు జిల్లాలనుండి అనేకులు ఇజ్రాయిలునకు బోయి, అచ్చటి వృద్ధుల గృహములలో పరిచారకులై జీవనము గడపుచున్నారు. మంచము పట్టిన ముదుసలికి స్నానము చేయించుట, అన్నము తినిపించుట, వేళకు మందిచ్చుట, రాత్రివేళ లేచి ప్రక్క మార్చుట వారి వృత్తి. ఆ వృత్తివలన వచ్చిన ధనముతో ఇచ్చట మేడలు లేచినవి. ఆ మేడలలో కాపురమున్నవారు వారి ముసలి తలిదండ్రులు. తల్లి పక్షవాతమున బడినచో, ఆమెకు ప్రక్క మార్చుటకు మరియొకరిని జీతమునకు బెట్టవలసివచ్చుచున్నది.

ఇందు కుమారుని నిందింప బనిలేదు. విచారింపవలసినది వేరు. పరదేశపు ముదుసలికి సేవ చేయు మనవాని చుట్టును ఎన్ని కట్టుబాట్లున్నవో చూడుడు. అచ్చటి కుటుంబము పరిచారకుని బెట్టుకొనుటకు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలెను. లైసెన్సు గల సంస్థద్వారానే అతని నియమింపవలెను. 1991 నాటి విదేశీ కార్మికుల చట్టము ననుసరించి, అతనికి తెలిసిన భాషలో వ్రాతమూలకమగు ఒడంబడికయు, వైద్య బీమాయు, యోగ్యమగు వసతియు కల్పింపవలెను. అచ్చట అంతయు ధర్మముగనే జరుగుచున్నదని మేము చెప్పుట లేదు. ఇంటనే యుండి పనిచేయు పరిచారకునికి అదనపు గంటల వేతనపు చట్టము వర్తింపదని 2013లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను తప్పు జరిగినపుడు ఎవరి నడుగవలెనో కాగితముపై నున్నది.

ఇచ్చట నేమున్నది? ఆసుపత్రి గుమ్మమువద్ద నెవరో యిచ్చిన ఫోను నెంబరు. ఆ నెంబరునకు మాటాడిన మరునాడు పట్టణమునుండి ఒక స్త్రీ సంచితో దిగును. మొదటి నెల జీతములో కొంత సంస్థవారు ముందే పుచ్చుకొందురు. ఆమె నేర్చిన దేమి, ఎవరివద్ద నేర్చినది అని అడుగువారు లేరు. ఎడ్లజత కొనునపుడు పండ్లు చూచి, నాగలి కట్టి నడిపించి చూచెడి రైతు, కన్నతల్లి ప్రాణము నప్పగించునపుడు పేరైనను సరిగా నడుగడు! నిన్నటివరకు బీడీలు చుట్టుకొని బ్రతికిన స్త్రీ నేడు పరిచారిక యగుట దోషము గాదు. నేర్పకుండ పంపినవానిది దోషము.

పరిచర్య యనగా గంజి కాచి పోయుట మాత్రమే యని తలంచువారు ఈ విషయములను గమనింతురు గాక. కదలలేని రోగికి సుమారు రెండు గంటల కొకసారి ప్రక్క మార్చనిచో నడుమునను మడమలయందును పుండ్లు పడును. అవి ఎముకదాక దిగి ప్రాణాపాయము దెచ్చును. ముక్కు గొట్టముద్వారా ఆహారము పోయునపుడు తలవైపు ఎత్తుగా నుంచనిచో ఆహారము ఊపిరితిత్తులలోనికి బోవచ్చును. ఇక ఇన్సులిను మాట. మన దేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్ల మందును, 100 యూనిట్ల మందును రెండును అమ్ముచున్నారు. దేని సూది దానికే తగినది. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సూదితో 20 గీతవరకు లాగినచో, రోగి కెక్కునది 20 గాదు, 50 యూనిట్లు. ఆ రాత్రి ఆమె నిద్రించుచున్నదో, స్పృహ దప్పినదో ప్రక్కనున్నవారికి దెలియదు. ఆ గీతల భేదము చెప్పి చూపుటకు అరగంట చాలును. ఆ అరగంటయే నేడు మనకు లేదు.

చట్టము లేకపోలేదు. 2007లో తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. అందలి 23వ సెక్షను భూస్వాములకు బాగుగా దెలియును. పోషించెదనను షరతుపై భూమి వ్రాయించుకొన్నవాడు పోషింపనిచో ఆ దాఖలా రద్దు చేయించుకొన వచ్చును. మంచి నిబంధనయే, కాని అది పట్టాను రక్షించును, వెన్నుమీది పుండును రక్షింపదు. జీతమునకు వచ్చు పరిచర్యనుగూర్చి ఆ చట్టమున నొక్కమాటయు లేదు. ఈ లోపమును తీర్చుటకు 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు ప్రవేశపెట్టబడెను. గృహ పరిచర్య సంస్థలు రిజిష్టరు చేసికొనవలెననియు, వానికి కనీస ప్రమాణములను కేంద్ర ప్రభుత్వము నిర్ణయింపవలెననియు అందుండెను. అది స్థాయీసంఘమునకు బోయినది. 2024లో 17వ లోక్‌సభ ముగియుటతో మురిగిపోయినది. పదికోట్లకు మించి వృద్ధులున్నారని 2011 జనాభా లెక్కలే చెప్పిన దేశమున ఇట్టి బిల్లు నాలుగేండ్లకుపైగా నిలిచి, చర్చకైనను నోచుకొనక పోవుట శోచనీయము.

రిజిష్ట్రేషను పెట్టినచో వ్యయము పెరుగుననియు, కచేరీల చుట్టు తిరుగుటలో లంచము పెరుగుననియు కొంద రాక్షేపింతురు. ఈ భయము నిరాధారము గాదు. కాని రిజిష్టరు కావలసినది పరిచారికలను పంపి సొమ్ము గొను సంస్థ. అత్తకు సేవచేయు కోడలును గాని, పొరుగింటి సాయమును గాని ఎవరును అడుగనక్కరలేదు. ఇంగ్లండులో 2000 సంవత్సరపు చట్టముతో ఇట్టి సంస్థలు రిజిష్ట్రేషను క్రిందికి వచ్చినవి. అంత దూర మేల? కేరళ రాష్ట్రము 2008లో సాంత్వన చికిత్సా విధానమును ప్రకటించి, శిక్షణ గల నర్సులు పంచాయతీల పక్షమున మంచము పట్టినవారి యిండ్లకు బోవు ఏర్పాటు చేసినది. వచ్చిన నర్సు రోగిని జూచుటయే గాక ఇంటివారికి నేర్పి పోవును. మన రాష్ట్రమునను ఆలన యను పేర ఇంటికి వచ్చు వాహనములున్నవి. కాని అవి తరచుగా వ్యాధి ముదిరినవారికొరకు. ఏండ్లతరబడి మంచమున నుండు పక్షవాత రోగి కవి చాలవు.

పరిచారిక పక్షమున నొకమాట. ఇరువదినాలుగు గంటల కొలువు, రోగి మంచముప్రక్క నేలపై పడక, సెలవన్నది లేదు. ఇంటి పనియు ఆమె నెత్తిననే. ఇంటి పనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను మన దేశ మింకను ధ్రువపరుపలేదు. మూడు రాత్రులు నిద్రలేనిదాని చేతిలో ఇన్సులిను సూదిబెట్టి కొలత తప్పినదని కోపపడుటలో న్యాయమేమి? ఇజ్రాయిలున మన పిల్లవానికి వారమున కొకనాడు సెలవు కావలెనని కోరు తండ్రి, తన యింటి పరిచారికకు నెలకొక దినమైనను ఇచ్చుచున్నాడా?

ప్రజారోగ్యము రాష్ట్రముల జాబితాలోనిది. కాబట్టి ఢిల్లీలో బిల్లు మరల పుట్టువరకు తెలంగాణము వేచియుండ నక్కరలేదు. సంస్థలకు రిజిష్ట్రేషను, పరిచారికకు కొన్ని వారముల శిక్షణ, మండల ప్రాథమికారోగ్య కేంద్రపు నర్సుచే నెలకొకసారి తనిఖీ, ఫిర్యాదు వినుట కొక యధికారి అను నిబంధనలతో చిన్న శాసనము చాలును. అంతదాక ఇంటివారు మందుల జాబితాను గోడకంటించి, జీతము, పని, సెలవు కాగితముపై వ్రాసి, ఇన్సులిను సీసాను సూదిని ఆరోగ్య కేంద్రమున చూపి సరిచూచుకొనవలెను. వృద్ధులకు హింస గాని ఉపేక్ష గాని జరిగినచో 14567 నెంబరునకు తెలుపవచ్చును. ఓటు అడుగ వచ్చు శాసనసభ్యులను రోడ్లు, చెరువులతోపాటు ఈ శాసనమునుగూర్చియు మేడిపల్లివారు ప్రశ్నింపవలెను.